74 లాకుల దారి

పిట్స్‌బర్గ్ నగరంలో అలెఘేనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా మారే కొనమీద ఒక పెద్ద ఫౌంటెన్ ఉంది. సెప్టెంబరు చివరి వారంలో ఒక ఉదయం నేనూ మా తమ్ముడూ దాని పక్కన సైకిళ్లు ఆనించి, ముందురోజు పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి నుంచి తెచ్చుకున్న పులిహోరలో మిగిలినది తిని, తూర్పుదిక్కుగా బయలుదేరాము. చేరవలసిన చోటు వాషింగ్టన్ నగరంలోని జార్జ్‌టౌన్. అది సుమారు 540 కిలోమీటర్ల దూరం, మధ్యలో అలెఘేనీ కొండలు అడ్డం. నాకు నలభై ఏడేళ్లు, కుడి మోకాలు అంత నమ్మదగినది కాదు. తమ్ముడు నాకంటే ఆరేళ్లు చిన్నవాడైనా, వాడి సైకిలు గత మూడేళ్లుగా గరాజ్ గోడకు వేలాడుతూనే ఉంది.

"అక్కా, మనవల్ల కొండలెక్కడం అవుతుందంటావా?" అని వాడు బయలుదేరే ముందు మరొకసారి అడిగాడు.

"కొండ మనం ఎక్కడం లేదురా. రైలు ఎప్పుడో ఎక్కేసింది," అన్నాను.

ఆ మాట గొప్పకు అన్నది కాదు. ఈ దారిలో మొదటి 240 కిలోమీటర్లు, అంటే పిట్స్‌బర్గ్ నుంచి మేరీలాండ్ రాష్ట్రంలోని కంబర్లాండ్ వరకు, రైళ్లు వదిలేసిన పాత రైలుకట్టలే. పట్టాలూ స్లీపర్లూ పీకేసి, సున్నపురాయి నలగ్గొట్టిన పొడి పరిచి, నడిచేవారికీ సైకిలు తొక్కేవారికీ వదిలిన ఈ బాటను గ్రేట్ అలెఘేనీ పాసేజ్ అంటారు. అక్కడ నుంచి జార్జ్‌టౌన్ వరకు మిగిలిన 297 కిలోమీటర్లు చీసాపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు. మొదటిది ఆవిరి ఇంజను కోసం కట్టినది, రెండోది కంచరగాడిద కోసం కట్టినది. రెండూ బొగ్గు మోయడానికే బతికాయి. ఆ రెంటికీ ఎత్తుపల్లాలు గిట్టవు గనుకనే ఈ దారి మావంటివారికి సాధ్యమయింది.

కొంచెం వివరంగా చెప్పాలి. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లేటప్పుడు రాపిడి చాలా తక్కువ. అందువల్లనే రైలు అంత బరువు లాగగలదు, అందువల్లనే వాలు ఎక్కవలసివస్తే చక్రాలు జారి నిలిచిపోతుంది. కాబట్టి రైలుదారి వేసిన ఇంజనీర్లు నదులు కొండల్ని కోసుకుపోయిన లోయల వెంటనే వంపులు తిరుగుతూ వెళ్లారు. లోయ చాలనిచోట గుట్టను కోశారు, పల్లం వస్తే మట్టి పోసి కట్ట వేశారు, అదీ కుదరకపోతే సొరంగం తవ్వారు. పిట్స్‌బర్గ్ నుంచి కనుమ శిఖరం దాకా 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఎక్కవలసిన ఎత్తు మొత్తం 510 మీటర్లు, అంటే సగటున 400 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి. ఎక్కుతున్నామని కంటికి కనిపించదు. సాయంత్రానికి తొడలకు మాత్రం తెలుస్తుంది, ఎందుకంటే ఈ ఎక్కుడు దారిలో కాళ్లు ఆపి ఊరికే దొర్లిపోయే భాగ్యం ఎక్కడా ఉండదు. రోడ్డు మీద ఎక్కుడు తరువాత దిగుడు వస్తుంది, ఆ దిగుడులోనే విశ్రాంతి దొరుకుతుంది. రైలుకట్ట మీద రోజంతా ఒకే పని, ఒకే తీరు. మొదటిసారి వచ్చేవారు దీన్ని తేలికగా తీసుకుని మొదటి రోజే వంద కిలోమీటర్లు పెట్టుకుంటారు. మేము 58 కిలోమీటర్ల దగ్గర వెస్ట్ న్యూటన్‌లో ఆగిపోయాము, ఆగినందుకు చింతించలేదు.

నగరం దాటేదాకా ఉన్న మొదటి భాగాన్ని చాలామంది "అందమేమీ లేదు" అని కారులో దాటించేస్తారు. నేను అలా చేయవద్దంటాను. హాట్ మెటల్ బ్రిడ్జి మీదుగా ఒకప్పుడు కరిగిన ఇనుము గంగాళాలలో నది ఒక ఒడ్డున ఉన్న కొలుముల నుంచి అవతలి ఒడ్డున ఉన్న ఉక్కు మిల్లులకు వెళ్లేది. ఇప్పుడు అక్కడ సైకిళ్లు వెళ్తున్నాయి. ఇంకొంత దూరం పోతే హోమ్‌స్టెడ్. 1892 జూలై 6న, కార్నెగీ ఉక్కు కర్మాగారం కార్మికులను బయటపెట్టి తాళం వేసిన తరువాత, దాన్ని స్వాధీనం చేసుకోవడానికి పడవల్లో దిగిన పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా ఏజెన్సీ మనుషులకూ కార్మికులకూ మధ్య నది ఒడ్డున పోరు జరిగి ఇరువైపులా ప్రాణాలు పోయాయి. అప్పటి పంపుహౌసు దారి పక్కనే నిలిచి ఉంది. మిల్లు పోయింది, దాని పన్నెండు ఇటుక పొగగొట్టాలు మాత్రం ఒక షాపింగ్ ప్రాంగణం అంచున వరుసగా మిగిలాయి. తమ్ముడు వాటిని చూసి "ఇవి దేనికి?" అని అడిగితే, అడిగిన చోటే సైకిళ్లు ఆపి అరగంట చెప్పాను. ఇకముందు ప్రశ్నలు వేయకూడదని వాడు ఆ రోజే తీర్మానించుకున్నాడని తరువాత చెప్పాడు.

మెకీస్‌పోర్ట్ దాటాక మొనాంగహేలాను వదిలి యాక్‌గేనీ నది వెంట పడతాము. ఆ పేరులోని ఇంగ్లీషు అక్షరాలు చూసి పలకబోతే నాలుక మడతపడుతుంది. అక్కడివారు "యాక్" అని తేల్చేస్తారు. ఇక్కడ నుంచి చెట్లు రెండు పక్కల నుంచి మూసుకుని, దారి పచ్చని గొట్టంలా తయారవుతుంది. ఆ పచ్చదనంలో ఒకచోట కొండ మీదినుంచి ఎర్రగా, ఇటుకపొడి కలిపినట్టు, నీరు జారుతూ కనిపించింది. తమ్ముడు ఫోటో తీయబోయి ఆగాడు. వదిలేసిన బొగ్గు గనుల్లో గంధకం ఉన్న ఇనుప రాయి గాలికీ నీటికీ తగిలి ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లంలో కరిగిన ఇనుము బయటికి రాగానే తుప్పుగా పేరుకుంటుంది. గనులు మూతపడినా ఆ నీరు ఆగదు. ఇంకా పైకి వెళ్తే వాన్ మీటర్ దగ్గర డార్ గని ఉండిన చోటు వస్తుంది. 1907 డిసెంబరు 19న అక్కడ పేలుడులో 239 మంది చనిపోయారు. వారిలో చాలామంది హంగరీ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవారు. ఆ రోజు కొందరు తమ చర్చి పండగ అని పనికి వెళ్లక బతికిపోయారట. చెట్ల మధ్య ఒక ఫలకం తప్ప చూడటానికి ఏమీ లేదు. మెత్తటి దారి, మంచి నీడ, ఎదురుగాలి లేని పూట. అంతవరకు హాయిగా తొక్కుకుంటూ వచ్చిన మేము ఆ తరువాత కొంతదూరం మాట్లాడుకోలేదు.

రెండో రోజు కానెల్స్‌విల్ నుంచి ఒహాయోపైల్ దాకా సుమారు 27 కిలోమీటర్లు ఈ ప్రయాణంలోకెల్లా నాకు నచ్చిన అడవి. నది అడుగున ఎక్కడో తెల్లగా నురుగు కక్కుతూ ఉంటుంది, రైలుకట్ట కొండ నడుము పట్టుకుని పైన పోతుంది, మధ్యలో ఊరు ఒక్కటీ లేదు. ఊరు లేదంటే టీ కొట్టూ లేదు, మంచినీళ్లూ లేవు. రెండు సీసాలు నింపుకుని బయలుదేరాలి. ఒహాయోపైల్‌లో నది ఒక పెద్ద మెలిక తిరిగి, జలపాతంగా దూకుతుంది. 1754లో, ఇరవై రెండేళ్ల సైనికాధికారిగా ఉన్న జార్జ్ వాషింగ్టన్ ఈ నదిలో పడవ మీద పడమటికి పోవచ్చునేమో చూద్దామని వచ్చి, ఈ జలపాతం చూసి వెనక్కి తిరిగిపోయాడు. పొటోమాక్ నదినీ ఒహాయో నదినీ ఒకే జలమార్గంగా కలపాలన్నది ఆయన జీవితమంతా విడిచిపెట్టని ఆలోచన. ఆ ఆలోచన సంగతి కాలువ దగ్గర మళ్లీ వస్తుంది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ప్రసిద్ధమైన "ఫాలింగ్‌వాటర్" ఇల్లు ఇక్కడికి దగ్గరే కాని, దానికి రైలుకట్ట వదిలి కొండరోడ్డు ఎక్కాలి. మోకాలిని అడిగాను, వద్దంది.

ఈ రైలుబాట ఒక్కసారిగా పుట్టలేదు. కంబర్లాండ్ నుంచి కానెల్స్‌విల్ వరకు వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే 1912లో వేసిన లైను 1975లో ఆగిపోయింది. ఒహాయోపైల్ దగ్గర మొదటి ముక్క 1986లో తెరిచారు, కంబర్లాండ్ దాకా కలపడానికి 2006 పట్టింది, పిట్స్‌బర్గ్ నగరంలోని చివరి ముక్క 2013లో పూర్తయింది. ఇరవై ఏడేళ్లు. అమెరికాలో చాలాచోట్ల రైలు కంపెనీకి ఉన్నది నేల మీద హక్కు కాదు, దారి హక్కు మాత్రమే. రైలు ఆగితే ఆ చీలిక నేల పక్క పొలాల వారికి తిరిగిపోతుంది. ఒకసారి ముక్కలైతే మళ్లీ ఎవరూ అతకలేరు. అందుకని 1983లో చట్టం సవరించి, మళ్లీ ఎప్పుడైనా రైలు అవసరం పడవచ్చునన్న లెక్కతో లైనును చెక్కుచెదరకుండా ఉంచి, ఈలోగా బాటగా వాడుకోవచ్చునన్నారు. దీన్ని రైల్‌బ్యాంకింగ్ అంటారు. పక్క నేలల సొంతదారులు దీన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకువెళ్తారని ఊహించడం కష్టం కాదు. 1990లో కోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. తమ పొలం చివర తిరిగి రావలసిన నేల రాలేదన్న వారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఒక్క పొలంలో దారి తెగితే 240 కిలోమీటర్లూ తెగినట్టే.

కాన్‌ఫ్లుయెన్స్ అనే ఊళ్లో, పేరుకు తగ్గట్టే మూడు నీళ్లు కలిసేచోట, రెండో రాత్రి ఉన్నాము. మూడో రోజు కాసెల్‌మన్ నది వెంట పయనం. ఆ రోజు చూసినవన్నీ రాస్తే ఇది ముగియదు. 2015లో మళ్లీ తెరిచిన పింకర్టన్ సొరంగం ఒక మెలికను తప్పిస్తుంది. మయర్స్‌డేల్ ముందర సాలిస్‌బరీ వంతెన 580 మీటర్ల పొడవున, లోయకు 30 మీటర్ల ఎత్తున, పొలాలనూ రోడ్డునూ నదినీ ఇప్పటికీ నడుస్తున్న రైలుమార్గాన్నీ ఒకే అంగలో దాటుతుంది. దాని మీద నిలబడి కిందుగా పోతున్న బొగ్గు రైలును చూశాము. గాలిమరలు ఎదురుగా కొండ మీద తిరుగుతున్నాయి. అక్కడ ఒక అరటిపండు తిన్నాను, అంత రుచిగా ఎప్పుడూ లేదు.

మయర్స్‌డేల్ దాటి పదమూడు కిలోమీటర్లు ఎక్కితే తూర్పు ఖండ విభాజక రేఖ వస్తుంది. ఎత్తు 729 మీటర్లు. ఏదో ఘనమైన శిఖరం ఉంటుందనుకున్న మా తమ్ముడికి అక్కడ కనిపించింది ఒక రోడ్డు కింది చిన్న వంతెన, గోడ మీద బొమ్మలు, దారి మొత్తం ఎత్తుపల్లాలు చూపే పటం. ఇక్కడ పడిన వాన పడమటి వైపు జారితే కాసెల్‌మన్, యాక్, మొనాంగహేలా, ఒహాయో, మిసిసిపీల మీదుగా మెక్సికో అఖాతం చేరుతుంది. తూర్పువైపు జారితే పొటోమాక్‌లో పడి చీసాపీక్ అఖాతానికి పోతుంది. తమ్ముడు సీసాలో మిగిలిన నీళ్లు సగం ఇటూ సగం అటూ పారబోశాడు. నలభై ఏళ్లు దాటినా వీడు మారడు.

ఆపైన మూడు కిలోమీటర్లకు బిగ్ సావేజ్ సొరంగం. కిలోమీటరు పొడవు, లోపల దీపాలున్నా ఆ చల్లదనానికి చెవులు మొద్దుబారతాయి. చలికాలంలో లోపలి నీరు గడ్డకట్టి గోడలు చీలకుండా డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా రెండువైపులా తలుపులు మూసేస్తారు. కాబట్టి తేదీలు చూసుకోకుండా వస్తే వెనక్కి తిరగడమే. అవతలి ముఖం నుంచి బయటపడగానే కళ్ల ముందు అంతా పల్లం, మడతలు మడతలుగా నీలిరంగు కొండలు, వాటికవతల మేరీలాండ్. కొద్దిదూరంలోనే మేసన్-డిక్సన్ రేఖను దాటుతాము. 1763 నుంచి 1767 వరకు ఇద్దరు ఆంగ్లేయులు గొలుసులూ దుర్భిణులూ పట్టుకుని కొలిచిన ఈ సరిహద్దు గీత తరువాతి కాలంలో బానిసత్వం ఉన్న రాష్ట్రాలకూ లేని రాష్ట్రాలకూ మధ్య గీతగా మనుషుల మనసుల్లో స్థిరపడింది.

కనుమ శిఖరం నుంచి కంబర్లాండ్ దాకా దిగుడే. 38 కిలోమీటర్లలో 545 మీటర్లు దిగుతాము. నిటారైన చోట 57 మీటర్లకు ఒక మీటరు. పెడల్ తొక్కనక్కరలేదు, బ్రేకులు మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి. ఏ వైపు నుంచి ఏ వైపుకు వెళ్లాలన్న వాదం ఈ దారి తెలిసిన సైకిలువాళ్ల మధ్య ఎప్పటికీ తెగదు. వాషింగ్టన్ నుంచి బయలుదేరేవారు ఈ 38 కిలోమీటర్లను ఎదురెక్కాలి; నా ఓటు పిట్స్‌బర్గ్ నుంచి తూర్పుకే. అయితే ఆ రాత్రి మేము మధ్యలో ఫ్రాస్ట్‌బర్గ్‌లో గది తీసుకున్నాము, ఆ ఊరేమో రైలుకట్టకు బాగా పైన ఉంది. మూడు రోజులుగా ఏ కొండా అడగని శ్రమ ఆ ఊరి వీధి ఒక్క పావుగంటలో అడిగింది. సామాను సంచులతో సైకిళ్లు తోసుకుంటూ ఎక్కాము.

కంబర్లాండ్‌లో రైలుకట్ట ముగిసి కాలువ గట్టు మొదలవుతుంది. అక్కడ నిలబడి నేను కొంచెంసేపు కదలలేదు. మాది పశ్చిమ గోదావరిలో, ఏలూరు కాలువ గట్టు మీది ఊరు. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి బయలుదేరి, నిడదవోలు మీదుగా ఏలూరు పోయే ఆ కాలువలో ఒకప్పుడు రాదారి పడవలు నడిచేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టున నడుస్తూ, భుజానికి తాడు వేసుకుని పడవను లాగేవారని మా తాతయ్య చెప్పేవారు. ఎక్కువ తక్కువలు ఉన్నచోట పడవను ఎక్కించడానికీ దింపడానికీ కట్టిన తలుపులను మేము చిన్నప్పుడు "లాకులు" అనేవాళ్లము. అది ఇంగ్లీషు మాట అని కాలేజీకి వచ్చాకే తెలిసింది. కంబర్లాండ్ నుంచి జార్జ్‌టౌన్ వరకు ఈ కాలువకు 74 లాకులు. అదే రాతి గోడలు, అదే కొయ్య తలుపులు, పక్కన లాకు కాపరి ఉండే తెల్లసున్నం వేసిన చిన్న ఇల్లు. ఇక్కడ తాడు లాగినవి మాత్రం కంచరగాడిదలు.

వాషింగ్టన్ కలగన్న జలమార్గమే ఇది. 1828 జూలై 4న అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ పార పట్టి కాలువ పని ప్రారంభించాడు. సరిగ్గా అదే రోజున బాల్టిమోర్‌లో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలుమార్గానికి మొదటి రాయి వేశారు. రెంటి గమ్యమూ ఒహాయో నదే, రెండూ పొటోమాక్ నది ఇరుకు లోయలోనే చోటుకోసం కొట్లాడుకున్నాయి. రైలు 1842లో కంబర్లాండ్ చేరింది. కాలువ 1850లో చేరి, అక్కడితో ఆగిపోయింది. పిట్స్‌బర్గ్ ముఖం ఎన్నడూ చూడలేదు. అయినా బొగ్గు మోస్తూ 1924 వరకు బతికి, ఆ ఏడాది వరదతో మూతపడింది. మన దేశంలో రైళ్ల కంటే కాలువలే మేలని మన కాటన్ దొర లండన్‌లో ఎంత వాదించినా అక్కడా రైలే గెలిచింది. ఈ రెండు ఓటముల మధ్య ఒక తేడా ఉంది, అది నాకు ఆ సమయానికి తట్టలేదు.

గట్టు మీద మొదటి రోజు బాగా సాగింది. ప్రతి లాకు దగ్గరా దారి రెండున్నర మీటర్లు కిందికి జారి, మళ్లీ చదునవుతుంది. ఆ చిన్న జారుడు కోసం ఎదురుచూస్తూ లాకులు లెక్కపెట్టుకుంటూ వెళ్లడం ఒక ఆట అయింది. ఆ రాత్రి గట్టు పక్క డేరా వేసుకున్నాము. నడిచేవారికీ సైకిళ్లవారికీ ఏ పది కిలోమీటర్లకో ఒక విడిది ఉంటుంది. బల్ల, చేతిపంపు, మరుగుదొడ్డి, ఖర్చు లేదు. కట్టెల పొయ్యి మీద అన్నం వండి, కందిపొడి, నెయ్యి వేసుకుని తిన్నాము. నిద్ర మాత్రం పట్టలేదు. నదికి అవతలి ఒడ్డున, కాలువను ఓడించిన అదే రైలుమార్గం ఇప్పటికీ నడుస్తోంది. తెల్లవార్లూ గూడ్సు బండ్లు కూతలు వేస్తూనే ఉన్నాయి. తెల్లవారేసరికి వాన కూడా మొదలయింది.

గట్టు మీద వానలో సైకిలు తొక్కడం గురించి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. చెప్పారు, నేను వినలేదు. రైలుకట్ట కింద కంకర ఉంటుంది, నీరు ఇంకిపోతుంది, గట్టు మట్టి. బాగుచేసిన చోట్ల పరవాలేదుకాని, చేయని చోట్ల చెట్ల వేళ్లూ గుంతలూ బురదా. నా మడ్‌గార్డులకు టైర్లకూ మధ్య సందు చాలక, అందులో బురదా ఆకులూ కూరుకుని చక్రం తిరగడమే మానేసింది. ప్రతి రెండు కిలోమీటర్లకూ దిగి, పుల్లతో గోకడం. నాలుగోసారి తమ్ముడు మాటామంతీ లేకుండా స్పానరు తీసి నా మడ్‌గార్డులు రెండూ ఊడదీసి తన సామాను మీద కట్టుకున్నాడు. తరువాత నా వీపు నిండా బురద చారలే, సైకిలు మాత్రం కదిలింది. ఈ దారికి నలభై మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు ఉండాలి, మడ్‌గార్డుకు బొటనవేలంత సందు ఉండాలి. వానాకాలం రోడ్లకని కొన్న బిగుతు మడ్‌గార్డులు ఇక్కడ పనికిరావు.

అలా తడుస్తూనే పావ్‌పావ్ సొరంగం చేరాము. నది ఇక్కడ పది కిలోమీటర్ల మెలికలు తిరుగుతుంది. దాన్ని తప్పించడానికి కొండలో 950 మీటర్లు తవ్వారు. రెండేళ్లలో అయిపోతుందని 1836లో మొదలుపెట్టిన పని 1850కి గాని పూర్తికాలేదు. డబ్బులు అయిపోయాయి, కూలీల మధ్య కొట్లాటలు జరిగాయి, కూలి అందక పనులు ఆగాయి. లోపలి కప్పుకు పట్టిన ఇటుకలు అరవై లక్షల పైచిలుకు. దీపాలు లేవు. ఒక పక్క నల్లటి నీరు, కొయ్య రెయిలింగు, అడుగు కింద ఎగుడుదిగుడు నేల. సైకిలు దిగి, నెత్తికి లైటు కట్టుకుని నడిచాము. రెయిలింగు కొయ్యలో తాళ్లు ఒరుసుకుని పడిన గాడులు వేలికి తగిలాయి. పడవలు ఎదురుపడితే లోపల తప్పుకునే చోటు లేదు. ఇద్దరు సరంగులు వెనక్కి తగ్గమని పంతం పట్టి రోజుల తరబడి లోపలే కూర్చుంటే, కంపెనీవారు మొక్కజొన్న చొప్ప కాల్చి పొగపెట్టి బయటికి రప్పించారని ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదోగాని, మా ఊరి లాకుల దగ్గర కూడా జరగదగిన కథే.

ఆ సొరంగానికి పేరిచ్చిన పావ్‌పావ్ చెట్లు గట్టు పొడవునా గుంపులు గుంపులుగా పెరుగుతాయి. ఇది బొప్పాయి కాదు, సీతాఫలం కుటుంబానికి చెందిన చెట్టు. కాలం అయిపోవస్తున్నా ఆకుల కింద మెత్తబడి రాలిన రెండు పండ్లు దొరికాయి. కోసి చూస్తే లోపల గుజ్జు లేత పసుపు, గింజలు సపోటా గింజల్లాగా నల్లగా, నున్నగా ఉన్నాయి. సీతాఫలంలో అరటిపండు పిసికి కలిపినట్టుంది. తమ్ముడు తన పండు సగం తిని నా వైపు చూశాడు. పిక్నిక్ కోసం వాన ఆగదుగదా అని బురదలోనే కూర్చుని తిన్నాము.

హాన్‌కాక్ పరిసరాల్లో కాలువ పక్కనే మరో పాత రైలుమార్గం 45 కిలోమీటర్ల పొడవున తారు బాటగా మారి ఉంది. బురద నుంచి దాని మీదికి ఎక్కినప్పుడు కలిగిన సంతోషం చూసి, కాలువ మీద రైలు ఇంకొకసారి గెలిచిందని ఒప్పుకోక తప్పలేదు. ఆ తరువాత బిగ్ స్లాక్‌వాటర్ దగ్గర దారి కొండ అంచున, నది మీదనే, కాంక్రీటు పలక మీద పోతుంది. ఆంటీటమ్ యుద్ధం జరిగిన షార్ప్స్‌బర్గ్, పొటోమాక్ షెనాండోవాలు కలిసే హార్పర్స్ ఫెర్రీ, రెండింటికీ మేము న్యాయం చేయలేదు, కాళ్లు అలసిపోయాయి. హార్పర్స్ ఫెర్రీ ఊళ్లోకి వెళ్లాలంటే రైలు వంతెన పక్క నడకదారికి ఇనుప మెట్ల మీదుగా సైకిలు మోసుకుని ఎక్కాలని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఈ గట్టు మిగలడం వెనక ఒక నడక ఉంది. 1938లో ప్రభుత్వం కాలువను కొన్నది. 1950లలో దీని మీద కారు రోడ్డు వేయాలని ప్రతిపాదన వచ్చి, వాషింగ్టన్‌లోని పెద్ద పత్రిక ఒకటి దాన్ని సమర్థిస్తూ సంపాదకీయం రాసింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ సంపాదకులను తనతో గట్టు మీద నడిచి చూడమన్నాడు. 1954 మార్చిలో కంబర్లాండ్ నుంచి బయలుదేరిన బృందంలో మొత్తం దూరం నడిచినవారు ఆయనతో కలిపి తొమ్మిదిమందే. పత్రిక మాత్రం మనసు మార్చుకుంది. 1971లో ఇది జాతీయ చారిత్రక ఉద్యానవనం అయింది.

మోనోకసీ అక్విడెక్టు దగ్గర ఏడో రోజు మధ్యాహ్నం గడిపాము. ఉపనది మీదుగా కాలువను మోయడానికి ఏడు రాతి కమానులతో 1833లో కట్టిన వంతెన అది, పొడవు 157 మీటర్లు. దాని మీద కూర్చుని తమ్ముడికి గన్నవరం అక్విడెక్టు గుర్తుచేశాను. గోదావరి పాయ మీదుగా నాగరం లంకకు నీరు తీసుకుపోవడానికి కాటన్ కాలంలో 49 కమానులతో కట్టిన పాత వంతెన అది. "మనదే పెద్దది," అన్నాడు వాడు, ఎంతో తృప్తిగా.

మరుసటి రోజు గ్రేట్ ఫాల్స్ దగ్గర లాకులు ఒకదాని వెనక ఒకటి గబగబా వచ్చాయి, జనమూ పెరిగారు, పరుగెత్తేవాళ్లు, కుక్కలు, పిల్లల బళ్లు. జార్జ్‌టౌన్‌లో సున్నా మైలు రాయి ఎక్కడో అట్టహాసంగా ఉంటుందని వెతికితే, రాక్ క్రీక్ పొటోమాక్‌లో కలిసేచోట, పడవల షెడ్డు వెనకగా నిలబడి ఉంది. ఎనిమిదో రోజు, పొద్దు గుంకింది. బురద ఎండి బట్టలు అట్టలుగట్టాయి. ఊళ్లో అమ్మ తెల్లవారుజామునే లేస్తుందని తమ్ముడు ఫోను కలిపాడు.

"కాలువ గట్టంట వచ్చామమ్మా, అచ్చం మన కాలువలాగే ఉంది," అన్నాడు.

"లాకులున్నాయా?"

"డెబ్భై నాలుగు!"

"అన్ని లాకులే!" అని అమ్మ కాసేపు ఆగింది. "అయితే ఎన్ని వేల ఎకరాలకు పారుద్దిరా నీళ్లు?"

తమ్ముడు నా వైపు చూశాడు. ఎనిమిది రోజులుగా ప్రతి ప్రశ్నకూ అరగంట చెప్పిన నేను ఫోను అందుకుని, ఒక్క ఎకరానికీ పారవని చెప్పాను.